స్టోరేజ్ ఇంజిన్లను మీ సొంత డేటాతో పోల్చి చూడటం ఎలా?

కొత్త ప్రాజెక్టు మొదలవగానే టీమ్‌లో ఈ వాదన వస్తుంది: మైఎస్‌క్యూఎల్ పెడదామా, పోస్ట్‌గ్రెస్ పెడదామా? ఎవరికి అలవాటైనదాన్ని వాళ్లు వెనకేసుకొస్తారు. ఒకరు నెట్‌లో దొరికిన బెంచ్‌మార్క్ గ్రాఫ్ చూపిస్తారు. అరగంటలో నిర్ణయం అయిపోతుంది, దానితో ఐదారేళ్లు వేగాలి. ఈ నిర్ణయానికి రెండు వారాలు అడగండి. మేనేజర్ ఒప్పుకోకపోతే కనీసం ఒక వారం. ఆ సమయంలో ఏం చేయాలో కింద రాస్తున్నాను.

ఫీచర్ల పట్టిక ముందు పెట్టుకుని టిక్కులు కొడితే తేలేది తక్కువ. జేసన్, విండో ఫంక్షన్లు, రెప్లికేషన్ ఇప్పుడు పెద్ద డేటాబేస్‌లన్నిటిలోనూ ఉన్నాయి. అసలు తేడా అడుగున ఉంటుంది. ఒక రో మారినప్పుడు స్టోరేజ్ ఇంజిన్, అంటే డేటాను రాసి చదివే డేటాబేస్ అడుగు భాగం, డిస్క్ మీద ఎంత పని చేస్తుంది? అందులో ఎంత అప్పటికప్పుడు చేస్తుంది, ఎంత తర్వాతకి వాయిదా వేస్తుంది? ఆ వాయిదా పడిన పని బయటికి వచ్చేదాకా టెస్ట్ నడపకపోతే ప్రతి ఇంజినూ బాగున్నట్టే కనిపిస్తుంది.

1. ముందు మీ టేబుళ్లు ఎలా వాడుకలో ఉంటాయో రాసుకోండి

ముఖ్యమైన ప్రతి టేబుల్‌కీ ఈ సంగతులు రాయండి: ఇప్పుడు ఎన్ని రోలు, రెండేళ్లకు ఎన్ని అవుతాయి, రద్దీ వేళ సెకనుకు ఎన్ని ఇన్సర్ట్‌లు, ఎన్ని అప్‌డేట్‌లు, ఎన్ని డిలీట్‌లు, ఏ కాలమ్‌లు మారతాయి, వాటిలో వేటి మీద ఇండెక్స్ ఉంది, చదవడం ఒక్కో కీ పట్టుకునా, వరుసగా కొన్ని వందల రోలా, లేక టేబుల్ మొత్తమా, పాత డేటా ఎన్నాళ్లు ఉంచాలి.

ఒక సరుకుల డెలివరీ యాప్ తీసుకుందాం. ఆర్డర్ల టేబుల్‌లో ఒక్కో రో గంటలోపే ఐదారుసార్లు మారుతుంది, ఎందుకంటే స్టేటస్ కాలమ్ అలా మారుతూనే ఉంటుంది. డెలివరీ బాయ్ ఎక్కడున్నాడో చెప్పే లొకేషన్ టేబుల్‌లో రో ఒక్కసారి రాస్తే మళ్లీ మారదు, చదివేది అరుదు, 90 రోజుల తర్వాత తీసేస్తారు. ఒకే యాప్‌లోని ఈ రెండు టేబుళ్లూ ఇంజిన్‌ను పూర్తిగా వేర్వేరు రకాలుగా శ్రమ పెడతాయి. పాత సిస్టమ్ నడుస్తూ ఉంటే ఈ అంకెలు ఊహించనక్కర్లేదు. మైఎస్‌క్యూఎల్‌లో స్లో క్వెరీ లాగ్, పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ ఎక్స్‌టెన్షన్ చాలావరకు చెప్పేస్తాయి.

పాత మైఎస్‌క్యూఎల్ అప్లికేషన్ మీ చేతికి వచ్చి ఉంటే, ఏ టేబుల్ ఏ ఇంజిన్‌లో ఉందో షో టేబుల్ స్టేటస్‌తో తప్పకుండా చూడండి. మైఎస్‌క్యూఎల్‌లో ఇంజిన్లు ఒకటికంటే ఎక్కువ. 2010లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచే వాటిలో ఇన్నోడీబీ డిఫాల్ట్ అయింది. అంతకు ముందు పుట్టిన టేబుళ్లు ఇంకా పాత డిఫాల్ట్ అయిన మైఐసామ్‌లో ఉండిపోయి ఉండవచ్చు. మైఐసామ్‌లో ట్రాన్సాక్షన్లు లేవు, రాసేటప్పుడు టేబుల్ మొత్తం లాక్ అవుతుంది, కరెంటు పోతే టేబుల్ రిపేర్ చేసుకోవాల్సి రావచ్చు. వాటిని ముందు ఇన్నోడీబీకి మార్చేయండి, పోలిక తర్వాత.

2. పోటీలో ఉండక్కర్లేనివాటిని పక్కన పెట్టండి

ఇది గంట పని. మీ ప్రధాన పని కోట్ల రోల మీద రెండు మూడు కాలమ్‌ల మొత్తాలు తీసే రిపోర్టులే అయితే, రోలవారీగా దాచే ఇంజిన్ ఏదీ మీకు సరిపడదు. కాలమ్‌లవారీగా దాచే క్లిక్‌హౌస్‌ను, ఒకే మెషీన్‌లో ఒదిగే పని అయితే డక్‌డీబీని చూడండి. ఒకే మెషీన్, ఒకే అప్లికేషన్, ఒకసారికి ఒకరే రాస్తే చాలు అనుకుంటే ఎస్‌క్యూలైట్ చక్కగా సరిపోతుంది. 2010 నుంచి దానిలో ఉన్న వాల్ మోడ్ (మార్పులను ముందు లాగ్‌లో రాసే పద్ధతి) ఆన్ చేస్తే, ఒకరు రాస్తుండగా మిగతావాళ్లు ఆగకుండా చదువుకోవచ్చు. ఆ ఫైల్‌ను మాత్రం నెట్‌వర్క్ డ్రైవ్ మీద పెట్టకండి.

లైసెన్స్ కూడా ఇప్పుడే చూసేయండి. మొంగోడీబీ 2018 అక్టోబర్‌లో ఎస్‌ఎస్‌పీఎల్ లైసెన్స్‌కు మారింది. డేటాబేస్‌ను సర్వీస్‌గా అమ్మేవాళ్లకు షరతులు పెట్టే ఆ లైసెన్స్‌ను, ఓపెన్ సోర్స్ లైసెన్స్‌లను గుర్తించే సంస్థ ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ ఆమోదించలేదు. రెడిస్ 2024 మార్చిలో లైసెన్స్ మార్చగానే దాని పాత కోడ్ నుంచి లినక్స్ ఫౌండేషన్ కింద వాల్కీ అనే డేటాబేస్ పుట్టింది, మరుసటి ఏడాది రెడిస్ ఓపెన్ సోర్స్ లైసెన్స్ అయిన ఏజీపీఎల్‌ను కూడా చేర్చింది. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ జీపీఎల్ కింద ఉన్నాయి, పోస్ట్‌గ్రెస్‌ది దాని సొంత ఉదారమైన లైసెన్స్. మీ కంపెనీ డేటాబేస్‌నే సర్వీస్‌గా అమ్మబోతుంటే ఈ పేరా మీ లీగల్ టీమ్‌కు చూపించండి.

3. ఒక్క రో మారితే ఏం జరుగుతుందో అర్థం చేసుకోండి

ఇక్కడ తొందర పడకండి. తర్వాత టెస్ట్‌లో వచ్చే ప్రతి అంకెకూ కారణం ఈ భాగంలోనే దొరుకుతుంది. మూడు ఇంజిన్లను తీసుకుంటున్నాను: ఇన్నోడీబీ, పోస్ట్‌గ్రెస్ హీప్, మైరాక్స్ (మైఎస్‌క్యూఎల్‌కు ఫేస్‌బుక్ తయారు చేసిన ఇంజిన్). మిగతావాటిలో చాలా వీటికి చుట్టాలే.

ఇన్నోడీబీలో టేబుల్ అంటే ప్రైమరీ కీ (ప్రతి రోనూ విడిగా గుర్తించే విలువ) వరుసలో పేర్చిన ఒక బీ-ట్రీ, అంటే త్వరగా వెతకడానికి కొమ్మలుగా విడిపోయే చెట్టు లాంటి అమరిక. 16 కేబీ పేజీల్లో రోలు ఆ కీ క్రమంలోనే ఉంటాయి. సెకండరీ ఇండెక్స్‌లో (వేరే కాలమ్‌ల మీద పెట్టే ఇండెక్స్) రో ఉన్న చోటు ఉండదు, దాని ప్రైమరీ కీ ఉంటుంది. దీనివల్ల మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ప్రైమరీ కీ వరుసలో చదివితే చాలా వేగం. సెకండరీ ఇండెక్స్ ద్వారా వెళ్తే రెండు ట్రీలు దిగాలి. ప్రైమరీ కీ ఎంత పొడవైతే ప్రతి ఇండెక్సూ అంత ఉబ్బుతుంది. వరుస లేని యూయూఐడీని (మరొకదానితో కలవకుండా తయారయ్యే గుర్తింపు సంఖ్య) 36 అక్షరాల టెక్స్ట్‌గా ప్రైమరీ కీ పెట్టారంటే ఇండెక్స్‌లు ఉబ్బుతాయి, పేజీలు ఎక్కడపడితే అక్కడ చీలతాయి. యూయూఐడీ తప్పదంటే కాలక్రమంలో పెరిగే వెర్షన్ 7 రకాన్ని 16 బైట్లలో దాచండి. ఇక అప్‌డేట్ చేసినప్పుడు ఇన్నోడీబీ రోను ఉన్న చోటే మార్చి, పాత రూపాన్ని అన్‌డూ లాగ్‌లో పెడుతుంది. ఇండెక్స్ లేని కాలమ్ మారితే సెకండరీ ఇండెక్స్‌ల జోలికే పోదు.

పోస్ట్‌గ్రెస్ దారి వేరు. టేబుల్ ఒక హీప్, అంటే 8 కేబీ పేజీల్లో ఖాళీ ఉన్న చోట రో పడుతుంది. ఇండెక్స్‌లన్నీ ఆ చోటునే సూటిగా చూపిస్తాయి, కాబట్టి ఏ ఇండెక్స్ ద్వారా వెళ్లినా దూరం ఒకటే. అప్‌డేట్ అంటే కొత్త రో రాయడం. పాతది అక్కడే ఉంటుంది, తర్వాత వాక్యూమ్ వచ్చి ఆ చోటును ఖాళీ చేస్తుంది. కొత్త రో అదే పేజీలో పట్టి, ఇండెక్స్ ఉన్న కాలమ్ ఏదీ మారకపోతే ఇండెక్స్‌లను ముట్టుకోనక్కర్లేదు. దీన్నే హాట్ అప్‌డేట్ అంటారు, 2008లో వచ్చిన 8.3 వెర్షన్ నుంచి ఉంది. ఆ షరతు తప్పితే టేబుల్ మీద ఎన్ని ఇండెక్స్‌లు ఉంటే అన్నిటిలోనూ కొత్త ఎంట్రీ పడాలి. ఉబర్ ఇంజినీర్లు 2016లో పోస్ట్‌గ్రెస్ వదిలి మైఎస్‌క్యూఎల్‌కు ఎందుకు మారారో రాసినప్పుడు చెప్పిన ప్రధాన కారణాల్లో ఇదొకటి. మన ఆర్డర్ల టేబుల్ సరిగ్గా ఈ చిక్కులోనే పడుతుంది: మారేది స్టేటస్, వెతికేదీ స్టేటస్ మీదే, కాబట్టి దానికి ఇండెక్స్ ఉంటుంది. "పెండింగ్‌లో ఉన్న ఆర్డర్లు" అనే పార్షియల్ ఇండెక్స్ పెడితే ఇండెక్స్ చిన్నదవుతుంది గానీ, ఆ షరతులో స్టేటస్ ఉంటే హాట్ అప్‌డేట్ మాత్రం జరగదు.

వాక్యూమ్ ఎప్పుడు మొదలవుతుందో కూడా తెలుసుకోండి. డిఫాల్ట్‌గా టేబుల్‌లో 20 శాతం మీద మరో 50 రోలు చనిపోయాకే, అంటే పాతబడి అక్కర్లేకుండా పోయాకే, ఆటోవాక్యూమ్ (దానంతటదే నడిచే వాక్యూమ్) కదులుతుంది. 10 కోట్ల రోల టేబుల్‌లో అది 2 కోట్ల చచ్చిన రోలు. పెద్ద టేబుళ్లకు ఆ శాతాన్ని టేబుల్‌వారీగా తగ్గించుకోవాలి.

మైరాక్స్ ఎల్‌ఎస్‌ఎం ట్రీ మీద నడుస్తుంది. 2012లో ఫేస్‌బుక్ గూగుల్ లెవెల్‌డీబీని తీసుకుని పెంచిన రాక్స్‌డీబీయే దీని గుండె. దీని పద్ధతి మన షావుకార్ల పద్దుల లాంటిది: వచ్చిన లావాదేవీని వచ్చినట్టే చిట్టాలో ఎక్కించి, తీరిక చూసుకుని ఆవర్జాలోకి సర్దుతారు. రాసేది ముందు మెమరీలోకీ లాగ్‌లోకీ వెళ్తుంది, తర్వాత వరుసలో పేర్చిన ఫైళ్లుగా డిస్క్ మీదికి దిగుతుంది, వెనకాల కంపాక్షన్ ఆ ఫైళ్లను కలిపి పైస్థాయి నుంచి కిందిస్థాయికి పంపుతూ ఉంటుంది. రాయడం తేలిక, కంప్రెషన్ గట్టిగా ఉంటుంది. ఫేస్‌బుక్ తన ప్రధాన యూజర్ డేటాను కంప్రెస్ చేసిన ఇన్నోడీబీ నుంచి దీనికి మార్చినప్పుడు డిస్క్ వాడకం దాదాపు సగానికి పడింది. మూల్యం చదివేటప్పుడు చెల్లించాలి. ఒక రో కోసం చాలా ఫైళ్లు వెతకాల్సి రావచ్చు. ఒక్క కీ వెతకడానికి బ్లూమ్ ఫిల్టర్ (ఆ కీ ఫలానా ఫైల్‌లో లేదని త్వరగా చెప్పే చిన్న పట్టిక) ఆదుకుంటుంది గానీ వరుస రోలు చదివేటప్పుడు మామూలుగా అంత సాయపడదు. డిలీట్ కూడా ఒక రాతే. టూంబ్‌స్టోన్ అనే గుర్తు పడుతుంది, కంపాక్షన్ వచ్చేదాకా చదివే ప్రతి స్కాన్ దాన్ని దాటుకుంటూ పోవాలి. మరియాడీబీలోనూ పెర్కోనా సర్వర్‌లోనూ మైరాక్స్ దొరుకుతుంది. ఫారిన్ కీలు లేవు. మీ స్కీమాకు అవి ప్రాణమైతే ఇక్కడే ఆగిపోవచ్చు.

4. సెట్టింగులు సమం చేయండి

డిఫాల్ట్ సెట్టింగులతో పోల్చడం అన్యాయం. ఇన్నోడీబీ బఫర్ పూల్, పోస్ట్‌గ్రెస్ షేర్డ్ బఫర్స్ రెండూ డిఫాల్ట్‌గా 128 ఎంబీయే. అలాగని రెండిటికీ ఒకే అంకె ఇవ్వకూడదు. ఇన్నోడీబీ సాధారణంగా ఆపరేటింగ్ సిస్టమ్ కాష్‌ను దాటేసి తన పూల్ మీదే ఆధారపడేలా నడుపుతాం కాబట్టి, డేటాబేస్‌కే కేటాయించిన మెషీన్‌లో ర్యామ్‌లో 70 శాతం దాకా ఇవ్వండి. పోస్ట్‌గ్రెస్ ఆ కాష్‌ను కూడా వాడుకుంటుంది, 25 శాతంతో మొదలుపెట్టండి.

లాగ్ సైజులు చూడండి. మైఎస్‌క్యూఎల్ 8.0.30 నుంచి రీడూ లాగ్ (మార్పులను ముందుగా రాసుకునే లాగ్) డిఫాల్ట్ 100 ఎంబీ, గట్టిగా రాసే పనికి ఇది చాలదు. పోస్ట్‌గ్రెస్‌లో అలాంటి లాగ్‌కు పరిమితి అయిన మ్యాక్స్ వాల్ సైజ్ 1 జీబీ, చెక్‌పాయింట్ (మెమరీలో మారిన పేజీలను డిస్క్‌కు దింపడం) 5 నిమిషాలకొకటి. ప్రతి చెక్‌పాయింట్ తర్వాత ఒక పేజీ మొదటిసారి మారినప్పుడు ఆ పేజీ మొత్తం లాగ్‌లోకి వెళ్తుంది, కాబట్టి చెక్‌పాయింట్‌లు దగ్గరదగ్గరగా పడితే రాత పెరిగిపోతుంది. రెండిటినీ పెంచి, సమానంగా పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం డేటా భద్రత స్థాయి. ఇన్నోడీబీలో ఫ్లష్ లాగ్ ఎట్ ట్రాన్సాక్షన్ కమిట్ 1 మీద, సింక్ బిన్‌లాగ్ 1 మీద, పోస్ట్‌గ్రెస్‌లో సింక్రనస్ కమిట్ ఆన్ మీద, మైరాక్స్‌లో కమిట్ ఫ్లష్ సెట్టింగ్ 1 మీద ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకటి ప్రతి కమిట్‌కీ డిస్క్ దాకా వెళ్తూ, ఇంకొకటి సెకనుకోసారి వెళ్తే ఆ గ్రాఫ్‌కు విలువ లేదు. నెట్‌లో తిరిగే ఏ బెంచ్‌మార్క్‌లోనైనా నేను మొదట వెతికేది ఈ సెట్టింగునే. రాయకపోతే పేజీ మూసేస్తాను. ఐసొలేషన్ (ఒక ట్రాన్సాక్షన్‌కు మిగతావాటి మార్పులు ఎంతవరకు కనిపిస్తాయన్నది) కూడా తేడానే: ఇన్నోడీబీ డిఫాల్ట్ రిపీటబుల్ రీడ్, పోస్ట్‌గ్రెస్‌ది రీడ్ కమిటెడ్. మీ అప్లికేషన్‌కు ఏది కావాలో అదే రెండిటిలోనూ పెట్టండి.

5. నిజమైన డేటా లాంటి డేటా తయారు చేయండి

డేటా ర్యామ్ కంటే కనీసం మూడు నాలుగు రెట్లు ఉండాలి. అంతా మెమరీలోనే పడితే మీరు కొలిచేది స్టోరేజ్ ఇంజిన్‌ను కాదు. పెద్ద మెషీన్ దొరక్కపోతే చింత లేదు, చిన్న ర్యామ్ ఉన్న మెషీన్ తీసుకోండి. కీలు అన్నీ సమానంగా వాడుకలో ఉండవు, ఈ రోజు ఆర్డర్లనే అందరూ ముట్టుకుంటారు. ఆ ఒరవడి డేటాలో ఉండాలి.

తెలుగు పేర్లు, అడ్రసులు దాచే సిస్టమ్ అయితే తెలుగు టెక్స్ట్‌తోనే టెస్ట్ చేయండి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు పడతాయి. "హైదరాబాద్" అని రాస్తే 27 బైట్లు, అదే ఇంగ్లిష్ లిపిలో 9. ఇండెక్స్ సైజు మీద దీని ప్రభావం పెద్దది. ఇన్నోడీబీ ఇండెక్స్ కీ పరిమితి 3072 బైట్లు, అది టేబుల్ తయారు చేసేటప్పుడే లెక్క చూసి హెచ్చరిస్తుంది. పోస్ట్‌గ్రెస్ బీ-ట్రీ పరిమితి సుమారు 2700 బైట్లు, కానీ అంత పొడవైన విలువ నిజంగా వచ్చినప్పుడే ఎర్రర్ ఇస్తుంది. ఇంగ్లిష్ డేటాతో టెస్ట్ చేసి వదిలేస్తే అది ప్రొడక్షన్‌లోనే తెలుస్తుంది.

పొల్లు అక్షరాన్ని విడదీసే కనిపించని గుర్తు సంగతి కూడా ఉంది. "సాఫ్ట్‌వేర్" అనే మాటను ఒకరు ఆ గుర్తుతో, ఒకరు లేకుండా టైప్ చేస్తారు. పోస్ట్‌గ్రెస్ మామూలు కొలేషన్‌లో (టెక్స్ట్‌ను పోల్చే నియమాల్లో) ఇవి రెండు వేర్వేరు విలువలు. మైఎస్‌క్యూఎల్ 8 డిఫాల్ట్ కొలేషన్‌లో ఒకటే. యూనిక్ ఇండెక్స్ ఉన్న కాలమ్‌లో ఇది ఎలా ఉండాలో ముందే తేల్చుకోండి.

6. లోడ్ నడపండి, చాలాసేపు నడపండి

మైఎస్‌క్యూఎల్‌కు సిస్‌బెంచ్, పోస్ట్‌గ్రెస్‌కు పీజీబెంచ్ ఉన్నాయి. వాటితో వచ్చే రెడీమేడ్ టెస్ట్‌లు మెషీన్ సరిగా పనిచేస్తోందని చూసుకోవడానికి మాత్రమే. రెండూ మీ సొంత స్క్రిప్టులు తీసుకుంటాయి. మొదటి అంచెలో రాసుకున్న క్వెరీలను అదే నిష్పత్తిలో పెట్టండి.

మొదట గరిష్ఠ వేగం ఎంతో చూసి, తర్వాత రేట్ ఆప్షన్‌తో ఒక స్థిరమైన వేగంలో, మీ రద్దీ అంచనాకు ఒకటిన్నర రెట్లలో నడపండి. యూజర్లు డేటాబేస్‌కు తీరిక దొరికేదాకా ఆగి క్లిక్ చేయరు కదా. గరిష్ఠ వేగం టెస్ట్‌లో ఇంజిన్ ఐదు సెకన్లు ఆగిపోతే టూల్ కూడా దానితోపాటే ఆగుతుంది, ఆ ఆలస్యం లెక్కలో చిన్నదిగా కనిపిస్తుంది. స్థిర వేగంలో అది దాగదు.

పది నిమిషాల టెస్ట్ చాలదు. వాక్యూమ్, పర్జ్ (ఇన్నోడీబీ పాత రూపాలను తీసేయడం), కంపాక్షన్ పూర్తిస్థాయిలో తిరిగేదాకా, అంటే కనీసం ఏడెనిమిది గంటలు, వీలైతే రోజంతా నడపాలి. క్లౌడ్ డిస్క్ అయితే మొదట్లో వచ్చే బర్స్ట్ వేగం అయిపోయాక ఏమవుతుందో కూడా అప్పుడే కనిపిస్తుంది.

లోడ్ మధ్యలో రెండు పనులు కావాలనే చేయండి. ఒకటి, వేరే కనెక్షన్‌లో రిపీటబుల్ రీడ్‌లో ట్రాన్సాక్షన్ తెరిచి, ఒక సెలెక్ట్ వేసి గంటసేపు అలాగే వదిలేయండి. ఎవరో రిపోర్ట్ తీస్తూ మర్చిపోయే సందర్భం ఇది, ప్రతి ఆఫీసులోనూ జరుగుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో చచ్చిన రోలను వాక్యూమ్ తీయలేకపోతుంది, ఇన్నోడీబీలో హిస్టరీ లిస్ట్ (ఇంకా తీయని పాత రూపాల జాబితా) పొడవు పెరుగుతూ పోతుంది. ఎంత పెరిగింది, ట్రాన్సాక్షన్ మూసేశాక ఎంతసేపట్లో కోలుకుంది అన్నవి రాసుకోండి. రెండు, లొకేషన్ టేబుల్‌లో పాత డేటాను ఒక్క డిలీట్‌తో తీసేయండి. మూడు ఇంజిన్లకూ ఇది కష్టమే. తర్వాత అదే పనిని పార్టిషన్ డ్రాప్‌తో చేసి తేడా చూడండి. చూశాక ఆ టేబుల్‌ను తేదీవారీ పార్టిషన్లుగా పెట్టాలా అనే చర్చ మిగలదు.

7. ఏం కొలవాలి

సగటు లేటెన్సీ (జవాబు రావడానికి పట్టే సమయం) పక్కన పెట్టి, 99వ పర్సెంటైల్‌ను, అంటే నూటికి 99 క్వెరీలు ఎంతలోపు ముగిశాయో ఆ సమయాన్ని, నిమిషం నిమిషానికీ గ్రాఫ్ గీయండి. చెక్‌పాయింట్‌లు రంపపు పళ్లలా కనిపిస్తాయి. రాక్స్‌డీబీలో కంపాక్షన్ వెనకబడితే ఇంజిన్ రాతలను కావాలనే నెమ్మది చేస్తుంది, అది గోడలా కనిపిస్తుంది. లినక్స్‌లో ఐఓస్టాట్‌తో డిస్క్‌కు మొత్తం ఎన్ని జీబీ రాశారో చూసి, మీరు నిజంగా పంపిన డేటాతో భాగించండి. ఈ నిష్పత్తి ఎస్‌ఎస్‌డీ ఆయుష్షునూ క్లౌడ్ బిల్లునూ నిర్ణయిస్తుంది. టెస్ట్ మొదట్లో, చివర్లో టేబుల్, ఇండెక్స్ సైజులు రాసుకోండి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ యూజర్ టేబుల్స్ చూస్తే మొత్తం అప్‌డేట్‌లలో హాట్ ఎన్నో తెలుస్తుంది. ఆ వాటా తక్కువగా ఉంటే ఫిల్‌ఫ్యాక్టర్ (పేజీని ఎంత శాతం నింపాలన్నది) 85 దగ్గర పెట్టి, అనవసరమైన ఇండెక్స్ తీసేసి మళ్లీ నడపండి. ఒక్క ఇండెక్స్ తీసేస్తే ఫలితం తలకిందులయ్యే సందర్భాలు ఉంటాయి.

8. కరెంటు తీసేయండి

లోడ్ నడుస్తుండగా ప్రాసెస్‌ను కిల్ చేయడం సగం టెస్టే, ఎందుకంటే ఆపరేటింగ్ సిస్టమ్ కాష్‌లో ఉన్నది ఎలాగూ డిస్క్‌కు చేరుతుంది. వర్చువల్ మెషీన్‌ను ఒక్కసారిగా పవర్ ఆఫ్ చేయండి, లేదా నిజమైన మెషీన్ ప్లగ్ పీకండి. ఆ తర్వాత, కమిట్ అయిందని క్లయింట్‌కు చెప్పిన ప్రతి రో ఉందో లేదో సరిచూడండి. దీనికోసం క్లయింట్ వైపు, వేరే మెషీన్‌లో ఒక లాగ్ రాసుకోవాలి. సర్వర్ తిరిగి లేవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. లాగ్ సైజు పెంచినందుకు చెల్లించే మూల్యం అదే. తర్వాత పీజీ బేస్‌బ్యాకప్‌తోనో ఎక్స్‌ట్రాబ్యాకప్‌తోనో బ్యాకప్ తీసి, ఖాళీ మెషీన్‌లో రీస్టోర్ చేసి చూడండి. బ్యాకప్ తీయడానికి పట్టే సమయం అందరూ కొలుస్తారు, రీస్టోర్ సమయం కొలిచేవాళ్లు తక్కువ. అర్ధరాత్రి టెన్షన్‌లో అక్కరకొచ్చే అంకె రెండోదే.

9. నిర్ణయం

ఫలితాలు దగ్గరదగ్గరగా వస్తే, టీమ్‌కు తెలిసినదాన్నే తీసుకోండి. ఎవరికీ ప్రత్యేక అలవాటు లేకపోతే నేను పోస్ట్‌గ్రెస్ వైపే మొగ్గుతాను. ఆటోవాక్యూమ్‌ను టేబుల్‌వారీగా సర్దుకుంటామన్న షరతు మీద. చాలా ఇండెక్స్‌లున్న టేబుల్‌లో అప్‌డేట్‌లు జోరుగా ఉండి, చదివేది ఎక్కువగా ప్రైమరీ కీ వరుసలోనే అయితే ఇన్నోడీబీ. డేటా కొన్ని టీబీలు దాటి, రాతలే ఎక్కువై, డిస్క్ ఖర్చు నిజంగా భారమైతే అప్పుడు మైరాక్స్, అదీ కంపాక్షన్ సెట్టింగులు చదివి అర్థం చేసుకునే మనిషి టీమ్‌లో ఉంటేనే. మీరు వాడే క్లౌడ్ సర్వీస్ ఆ ఇంజిన్‌ను ఇస్తుందో లేదో కూడా చూసుకోండి.

స్క్రిప్టులు, సెట్టింగులు, డేటా తయారు చేసే ప్రోగ్రామ్, మెషీన్ వివరాలు అన్నీ కోడ్‌తోపాటు గిట్‌లో పెట్టండి. పెద్ద వెర్షన్ మారిన ప్రతిసారీ మళ్లీ నడపాలి. మైఎస్‌క్యూఎల్ 8.4లో ఇన్నోడీబీ ఐఓ కెపాసిటీ డిఫాల్ట్ 200 నుంచి 10,000కు మారింది, అడాప్టివ్ హ్యాష్ ఇండెక్స్ డిఫాల్ట్‌గా ఆఫ్ అయింది. 8.0 మీద తీసిన అంకెలను పట్టుకుని 8.4 గురించి మాట్లాడలేం.